గైర్హాజరు చెయ్యి

తెర మీద రెండు వరసలు. ఎడమవైపు కెమెరా తనంతట తాను వేసుకున్న నంబర్లు. కుడివైపు ఆ నంబర్లు పోయి వాటి చోట్లోకి రాబోయే పిల్లల పేర్లు. గవిసిద్దప్ప కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తెరకు తగిలేంత దగ్గరికి వంగి, కుడి వరసను పైనుంచి కిందికి చదువుతున్నాడు. మనసులో చదువుకోవడం అతనికి చేతకాదు. "అంబవ్వ... ఈరణ్ణ... కనకప్ప... గాళెప్ప..." అని గొంతులోనే గొణుగుతుంటాడు. స్టూడియో ముందుగదిలో ఫోటో కోసం కూర్చున్నవాళ్లు లోపల ఎవరో పూజలో ఉన్నారనుకునేవారు. పూజ కాదు గానీ, ఆ పనంటే అతనికి పూజంత భయం ఉండేది.

భయానికి కారణం లేకపోలేదు. పేర్లు మార్చే ఆ సాఫ్ట్‌వేరులో కింద ఒక బొత్తాం ఉంటుంది. దాన్ని ఒక్కసారి నొక్కితే బడి బడంతటికీ పేర్లు పడిపోతాయి. ఒక్కో ఫోటోకి ఒక్కో పేరు కొట్టుకుంటూ పోతే రోజులు పట్టే పని రెప్పపాటులో అయిపోతుంది. తప్పు జరిగినా అంతే, రెప్పపాటులో జరిగిపోతుంది. కర్ణాటకలోని ఆ కొప్పళ ఊరి బడుల్లో గుర్తింపు కార్డుల పని ఒప్పుకున్న కొత్తల్లో ఒకసారి ఎవరో ఒక పిల్లాడు బడికి రాలేదు. పేరుంది, ఫోటో లేదు. అతని కింద ఉన్నవాళ్లందరికీ ఒక్కో మెట్టు జరిగి పక్కవాళ్ల పేర్లు పడ్డాయి. కార్డులు అచ్చయి పిల్లల మెడల్లోకి ఎక్కాక చూస్తే, మీసాలు మొలుస్తున్న కుర్రాడి బొమ్మ కింద లక్ష్మవ్వ అని ఉంది. హెడ్‌మాస్టరు ఆ కార్డులన్నీ మూటగట్టి తెచ్చి స్టూడియో గుమ్మంలో కుమ్మరించి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేదని గవిసిద్దప్ప ఇప్పటికీ అనుకుంటాడు.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు. పేరు పిలిచినప్పుడు ఆ బిడ్డ లేకపోతే, ఫోటో తీసేవాడు తన అరచేతినే కెమెరా ముందు పెట్టి ఒకటి నొక్కుతాడు. ఆ పేరు చోట్లో చెయ్యి నిలబడుతుంది, కిందివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉంటారు. స్టూడియోలో దానికి గైర్హాజరు చెయ్యి అని పేరు. పేర్లు మార్చే ముందు గవిసిద్దప్ప చేతులన్నిటినీ ఏరి పక్కన పెట్టుకుని, బడికి ఫోను చేసి ఫలానావాళ్లు రాలేదని చెప్పేవాడు. అంకెల ముందు సున్నాలు పెట్టడం కూడా అతని పనే. పెట్టకపోతే ఆ యంత్రం బుద్ధికి పది వచ్చి రెండుకంటే ముందు నిలబడుతుంది. చివరికి మొదటి బిడ్డనీ, నడిమి బిడ్డనీ, ఆఖరి బిడ్డనీ తెరిచి చూసి, పేరుకీ మొహానికీ పొత్తు కుదిరిందనుకుంటేనే బొత్తాం మీదికి వేలు వెళ్లేది.

ఇవాళ్టివి ప్రభుత్వ హైస్కూలు పదో తరగతి ఫోటోలు. కార్డులక్కాదు, పరీక్ష దరఖాస్తులకి. సాయంత్రం బడి మూసేలోగా గుమాస్తా వాటిని పైకి పంపాలి, ఇవాళే ఆఖరు. ఫోటో లేని దరఖాస్తు పోదు. పోకపోతే పరీక్ష లేదు. గవిసిద్దప్ప ఈ బడి ఫోటోలు పొద్దున రాగానే ముందేసుకున్నది అందుకే. మూడు చేతులు తేలాయి. బడి గుమాస్తా అందానప్పకి ఫోను చేశాడు.

"మూడా? రెండే కదయ్యా" అన్నాడు అందానప్ప. "ఆ అన్నదమ్ములిద్దరూ గోవాకి కూలికి పోయినారు. దీపావళికి కూడా రాలేదు, ఇంకేం వస్తారు. మూడోది ఎవరు?"

"హులిగెమ్మ అని ఉంది."

"హులిగెమ్మా? దాన్ని రెక్క పట్టుకుని లైన్లో నిలబెట్టింది నేనే. కుర్చీలో కూర్చునేదాకా చూసినా. నీ కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూడు సిద్దప్పా."

గవిసిద్దప్ప నిజంగానే అద్దాలు తుడుచుకున్నాడు. అప్పటిదాకా ఆ ఫోటోలను తపాలా బిళ్లంత సైజులోనే చూశాడు. ఈసారి మూడో చేతిని తెరనిండా తెరిచాడు. ఫోటో తీసే శరణబసవ చెయ్యి అయితే మణికట్టుకి గడియారం ఉండాలి. ఈ చేతికి ఎర్ర గాజొకటి ఉంది. నీలం యూనిఫాం చేతి అంచు ఉంది. వేళ్లు బారజాపి ఉన్నాయి. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య సందులోంచి ఒక కన్ను కెమెరాకేసి చూస్తోంది. కంటి చుట్టూ చర్మం సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

కుర్చీలో కూర్చున్న పిల్లని గవిసిద్దప్ప తన చేత్తో గైర్హాజరు చేసేశాడు. అందానప్ప కంట పడకపోయి ఉంటే ఒక ఏడాది చదువు పోయేది. సిగ్గు వేసింది. దాని వెనకే ఇంకో సంగతి మనసులో మెదిలి, ఆ సిగ్గుకంటే ఎక్కువ బాధ పెట్టింది. ఆ పిల్ల చెయ్యి ఎందుకు అడ్డం పెట్టిందో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

స్టూడియో యజమాని శరణబసవ కుష్టగిలో పెళ్లి ఫోటోలకు వెళ్లాడు. ఫోనులో బ్యాండు మోత.

"ఆ పిల్లా? గుర్తుంది కాకా. వెనక లైనంతా తోసుకుంటా ఉన్నారు, ఇంకోటి తీసినా అనుకున్నా, తీయలేదేమో" అన్నాడు.

"ఇవాళే ఆఖరంట బసవా."

"నువ్వే తీసేయ్. బీరువాలో నాయన కెమెరా ఉంది, చార్జింగు పెట్టు."

"నేనా?"

"ఇంకెవరు, గోడ మీద గడియారమా? నువ్వే కాకా" అని ఫోను పెట్టేశాడు.

శరణబసవకి అది చిన్న మాట. గవిసిద్దప్పకి కాదు. ఆ స్టూడియోలో అతను జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరాడు. ఇప్పుడు నెరిసింది. ఇన్నేళ్లలో ముందుగదిలో నిలబడి ఒక్క మనిషికి ఫోటో తీసింది లేదు. అతనికి బొల్లి. పద్నాలుగో పదిహేనో ఏట కింది పెదవి మీద మినపగింజంత మచ్చగా మొదలై నోటి చుట్టూ, కనురెప్పల మీదికీ, చేతివేళ్ల చివరలకూ పాకింది. శరణబసవ తండ్రి రాచప్ప మంచివాడు. బడి మానేసి తిరుగుతున్న వాణ్ణి పిలిచి, "ముందుగదిలో ఉంటే జనం ఏదో ఒకటి అంటారు సిద్దా, నువ్వు బాధపడతావు. లోపల చీకటిగదిలో ఉండు. అక్కడ నిన్ను చూసేవాళ్లుండరు" అన్నాడు. ఆ మాటలో దయ ఉంది, అవమానమూ ఉంది. రెంటినీ విడదీసి చూడడం గవిసిద్దప్పకి ఏనాడూ కుదరలేదు.

చీకటిగది మాత్రం నిజంగానే నచ్చింది. ఎర్ర బల్బు వెలుగులో అతని చేతులు వేళ్ల కొసలదాకా ఒకే రంగులో కనిపించేవి. మందునీళ్లలో కాగితం ముంచితే ఆ తెలుపులోంచి పెళ్లికూతురి బొట్టు, తర్వాత కళ్లు, తర్వాత నగలు తేలుతూ వచ్చేవి. ఊళ్లో ఎవరి ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా ఆ మొహాలను అందరికంటే ముందు చూసింది అతనే. తన పెళ్లి సంగతికొస్తే, యలబుర్గ వైపునుంచి ఒక సంబంధంవాళ్లు వచ్చారు, ఉప్మా తిన్నారు, నీళ్లు తాగారు, కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు. ఇంకో సంబంధం చూడనివ్వలేదు అతను. కొన్నేళ్లకి ఫిలిం పోయింది, మందునీళ్ల తొట్లు పోయాయి, చీకటిగదిలో ట్యూబులైటు వెలిగింది, కంప్యూటరు వచ్చింది. రాచప్ప పోయాడు. కొడుకు ఈ పేర్లు మార్చే సాఫ్ట్‌వేరు ఎక్కడో దింపుకొచ్చి, "కాకా, ఇది నీకే" అన్నాడు. గది అదే, కుర్చీ అదే.

అందానప్ప ఒంటిగంటకు ముందే పిల్లని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. ఆమె చున్నీని తల చుట్టూ, మొహం చుట్టూ బిగించి కట్టుకుంది. కళ్లు తప్ప ఏమీ కనబడడం లేదు.

"ఇదిగో గవిసిద్దప్పా, నీ మూడో చెయ్యి" అన్నాడు అందానప్ప. "క్లాసులో ఫస్టు వస్తది, ఫోటో అంటే మాత్రం మహారాణికి మూడ్ ఉండదు. నేను బ్యాంకు దాకా పోయొస్తా. వచ్చేసరికి అయిపోవాల. ఏమే, ఇక్కడ కూడా చెయ్యి అడ్డం పెట్టినావంటే ఆ చెయ్యే అంటిస్తా హాల్‌టికెట్టు మీద, చూసుకో."

స్కూటరు చప్పుడు సందు మలుపు తిరిగేదాకా పిల్ల గుమ్మంలోనే నిలబడింది. గవిసిద్దప్ప లోపలిగదిలోంచి కెమెరా పట్టుకుని ముందుగదిలోకి వచ్చాడు. ఆమె అతని మొహం చూసింది. చూపు పెదవుల మీద ఆగింది, చేతివేళ్ల మీదికి వచ్చింది, మళ్లీ పెదవుల మీదికి వెళ్లింది. ఊళ్లో జనం అలా చూస్తే అతను తల దించుకునేవాడు. ఇవాళ దించుకోలేదు.

"మీకూనా అజ్జా?" అంది, తాతని పిలిచినట్టు.

"నాకూనే."

"ఎప్పుడొచ్చింది?"

"నీ ఈడులోనే. నిన్నూ నన్నూ ఒకే తేదీకి పిలిచినట్టుంది."

"మందు వాడలేదా?"

"ఊళ్లో ఎవరు ఏ ఆకు చెప్పినా నూరి రాసుకున్నా. మేకలకు మిగల్చలేదు."

చున్నీ వెనక ఆమె నవ్విందో లేదో తెలియలేదు. కళ్లు మాత్రం కొంచెం మెత్తబడ్డాయి. నీలం తెర ముందున్న స్టూలు మీద కూర్చుంది, చున్నీ విప్పకుండానే.

"అజ్జా, కంప్యూటరులో తీసేయొచ్చంట కదా. మా పక్కింటి అక్క పెళ్లి ఫోటోల్లో మొటిమలన్నీ తీసేశారు. నాది కూడా తీసేస్తానంటే దిగుతా."

తీసేయొచ్చు. అతనికి వచ్చు. పెళ్లికూతుళ్ల మొటిమలూ, పెళ్లికొడుకుల గాట్లూ ఎన్ని చెరిపాడో లెక్కలేదు. మౌసు నాలుగుసార్లు తిప్పితే ఆ పిల్ల మొహం ఒకే రంగు అవుతుంది. చెరిపెయ్యాలనే అనిపించింది అతనికి, ఆ పిల్ల కోసం, ఒక్క క్షణం తనకోసం కూడా. కానీ పరీక్ష గది గుమ్మంలో నిలబడేవాడు హాల్‌టికెట్టు చూస్తాడు, మొహం చూస్తాడు.

"తీసేస్తానమ్మా. కానీ ఆ పొద్దు అక్కడున్న మేష్ట్రు, ఈ ఫోటోలో పిల్ల వేరు, వచ్చిన పిల్ల వేరు అంటే ఏం చెప్తావు? అప్పుడు నేను రాను కదా నీ వెనక."

ఆమె గాజు తిప్పుకుంటూ కూర్చుంది. "అయితే వద్దులే అజ్జా. రాయను."

"క్లాసులో ఫస్టు వస్తావంట."

"వస్తా. అందుకే ఆ ఫోటో బడి బోర్డు మీద కూడా పెడతారు. పెద్దది చేసి."

గవిసిద్దప్ప ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పాలో అతనికి ఎవరూ నేర్పలేదు. పిల్లకు ధైర్యం చెప్పడానికి అతని దగ్గర సొంత సరుకేమీ లేదు. ఉండి ఉంటే తను ఈ గదిలోకి ఎప్పుడో వచ్చి ఉండేవాడు.

హులిగెమ్మ గోడలకేసి చూస్తోంది. నాలుగు గోడలా పెళ్లిళ్లు, తొట్లలో బిడ్డలు, మఠం జాతరలో రథం, శాలువా కప్పుకున్న రాచప్ప, మోటారు సైకిలు మీద శరణబసవ.

"మీదేదీ?" అంది.

"ఏంటి?"

"మీ ఫోటో. ఇంతమందివి ఉన్నాయి. ఇక్కడే కదా మీరు ఉండేది."

అతను కెమెరా అద్దాన్ని చొక్కా అంచుతో తుడిచాడు. అక్క శంక్రవ్వ కూడా ఏడాదికొకసారైనా ఇదే అడుగుతుంది. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన మనిషి, తమ్ముడికి రొట్టెలు కాల్చిపెడుతూ బతుకుతోంది. "ఊరందరి బొమ్మలూ చేస్తావు. నీదొకటి తెచ్చి గోడకు పెట్టరా సిద్దా. నువ్వు పొద్దంతా ఇంట్లో ఉండవు, ఎవరితో మాట్లాడేది నేను" అంటుంది. తెస్తాలే అక్కా అంటాడు. అక్కడితో అయిపోతుంది.

"నాకు చెప్తున్నారు, మీరు దిగలేదు" అంది హులిగెమ్మ. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. లెక్క తప్పిందని చూపించినట్టు చెప్పింది, అంతే. "ముందు మీరు కూర్చోండి. నేను తీస్తా. తర్వాత నేను కూర్చుంటా."

"నా ఫోటో ఏ పరీక్షకమ్మా?"

"కూర్చోండి అజ్జా. సార్ వచ్చేస్తాడు."

అతను బయటికి చూశాడు. సందు ఖాళీగా ఉంది. కెమెరా ఆమె చేతికిచ్చి, చొక్కా మెడ బొత్తాం సరిగా ఉందో లేదో తడుముకుని, స్టూలు మీద కూర్చున్నాడు. స్టూలు ఇంత ఎత్తు ఉంటుందని అతనికి తెలియదు. పాదాలు నేలకు ఆనీ ఆననట్టు ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక మోకాళ్ల కింద దాచుకున్నాడు. ఆమె కెమెరాను కంటికి పెట్టుకుంది, తిప్పింది, ఎక్కడో నొక్కింది. ఏమీ కాలేదు.

"అది కాదు తల్లీ, ఆ పక్కది, పైన—" అని చెయ్యి పైకెత్తి చూపించేలోపు వెలుగు మెరిసింది.

"ఇప్పుడు పడింది" అంది.

"కళ్లు మూసుకున్నా ఏమో."

"ఒకటి మూశారు" అని ఆమె నవ్వింది. ఆ నవ్వుకి చున్నీ ముడి జారింది. దాన్ని మళ్లీ కట్టుకోలేదు. విప్పి, మడిచి, ఒళ్లో పెట్టుకుని, అతను దిగిన స్టూలు మీద తను ఎక్కి కూర్చుంది. కళ్ల చుట్టూ, నోటి చుట్టూ తెల్లటి మచ్చలు. మిగతాదంతా పొలంగట్ల మీద తిరిగే పిల్లల ఎండ రంగు. అతను కెమెరా ఎత్తాడు. అది కదలకుండా ఊపిరి బిగబట్టాడు. ఎడమ భుజంలో పొద్దుటినుంచీ ఉన్న నొప్పి ఒకసారి కలుక్కుమంది. నొక్కాడు. ఆమె రెప్ప వేయలేదు. చెయ్యి లేపలేదు.

తర్వాత ఇద్దరూ కెమెరా వెనక చిన్న అద్దంలో చూసుకున్నారు. ఆమె తన ఫోటోని చాలాసేపు చూసింది. ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఏడవలేదు.

"మీది బాగొచ్చింది అజ్జా" అంది.

"నీదీ బాగొచ్చింది."

"అబద్ధం."

"మీ అమ్మ పుట్టకముందునుంచి మొహాలు చూస్తున్నా. అబద్ధాలు చెప్పే ఓపిక ఎప్పుడో పోయింది నాకు."

స్కూటరు హారను వినబడింది. ఆమె చున్నీ భుజం మీద వేసుకుంది, మొహానికి కట్టుకోలేదు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, "మీదానికీ పేరు పెట్టండి అజ్జా. అట్లే వదిలేయకండి. మా క్లాసులోనే నలుగురు గవిసిద్దప్పలున్నారు, కలిసిపోతుంది" అంది.

"పెడతాలేమ్మా" అన్నాడు.

అందానప్ప ఆమె మొహం చూసి, వెనక కూర్చోమని సీటు తట్టాడు. స్కూటరు వెళ్లిపోయింది.

గవిసిద్దప్ప లోపలిగదిలోకి వచ్చి, కెమెరాలోంచి రెండు ఫోటోలనూ దించాడు. హులిగెమ్మ చోట్లో ఉన్న చేతిని తీసి ఆమె మొహాన్ని పెట్టాడు. తనది అక్కడే ఉంటే ఆమె పేరు తన మీద పడుతుంది, ఆమె కిందివాళ్లందరూ ఒక మెట్టు జరుగుతారు. అందుకని తన ఫోటోని అక్కణ్ణుంచి లాగి, పక్కన కంప్యూటరులోనే ఒక కొత్త సంచి, అదే ఫోల్డరు, తెరిచి అందులో పడేశాడు. సంచికి పేరు పెట్టలేదు. ముందు పిల్లల పని కావాలి. మళ్లీ మొదటినుంచి చదివాడు, అంబవ్వ, ఈరణ్ణ, కనకప్ప, గాళెప్ప. మొదటి బిడ్డను తెరిచాడు, నడిమి బిడ్డను తెరిచాడు, ఆఖరి బిడ్డను తెరిచాడు. ఎన్నడూ లేంది ఇంకొకటి, హులిగెమ్మది కూడా తెరిచాడు. ఆమె అతనికేసి సూటిగా చూస్తోంది. బొత్తాం నొక్కాడు. నంబర్లన్నీ ఒక్కసారిగా పేర్లయ్యాయి.

మూటగట్టి బడికి పంపి, మిగతా బడుల పని ముందేసుకున్నాడు గానీ మనసు దాని మీద లేదు. రెండుసార్లు పక్క సంచి తెరిచి తన ఫోటో చూసుకున్నాడు. ఒక కన్ను సగం మూసుకుని, చెయ్యి గాల్లోకి లేపి, నోరు తెరిచి ఏదో చెబుతున్న ముసలివాడు. తెల్లటి పెదవుల మీద నవ్వు మొదలవుతోంది. ఈ మనిషిని ఎక్కడో చూసినట్టు ఉందే అనుకున్నాడు. రాచప్ప బతికుంటే ఫోటో తప్పిందని చింపేసేవాడు. అతనికి మాత్రం చింపాలనిపించలేదు. పేరు పెడదామని మీటల మీద చేతులు పెట్టాడు. అప్పుడే అందానప్ప ఫోను చేశాడు.

"అన్నీ పోయినాయి సిద్దప్పా. హులిగెమ్మది కూడా. ఎట్లా ఒప్పించినావయ్యా దాన్ని? నాకు చెప్పు, నా పెళ్లాం మీద వాడతా."

"నేనేం ఒప్పించలేదు" అన్నాడు గవిసిద్దప్ప. అది నిజమే.

ఫోను పెట్టేసరికి గుండెలో మంట మొదలైంది. మధ్యాహ్నం తిన్న మిరపకాయ బజ్జీల మీద నెపం వేసి, నీళ్లు తాగి, కాసేపు బల్ల మీద తల ఆనించాడు. రేపు శరణబసవ వచ్చాక దీన్ని కాగితం మీద వేయించుకుని, చిన్న చట్రం కట్టించి ఇంటికి పట్టుకెళ్లాలి. పేరు కూడా రేపే పెట్టొచ్చు. కంప్యూటరు ఆపి, షట్టరు దించి, మెల్లగా ఇంటికి నడిచాడు.

శంక్రవ్వ జొన్నరొట్టె, గుత్తివంకాయ పెట్టింది. అతను సగం రొట్టె వదిలేశాడు. "ఏమైందిరా?" అంటే, "ఏం లేదక్కా, అలిసిపోయినా" అన్నాడు. చెయ్యి కడుక్కుంటూ తనలో తను నవ్వుకోవడం ఆమె చూసింది.

"రేపు నీకొకటి తెస్తా" అన్నాడు.

"ఏం తెస్తావు?"

"తెచ్చినాక చూద్దువుగానీ."

"చీరైతే వద్దు. ఉన్నవే మురుగుతున్నాయి."

"చీర కాదులే" అని చాప పరుచుకున్నాడు.

పొద్దున రొట్టెల పిండి కలుపుతూ శంక్రవ్వ రెండుసార్లు పిలిచింది. మూడోసారి లేపడానికి వెళ్లి, చాప పక్కన కూర్చుండిపోయింది. తమ్ముడు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, రోజూ పడుకున్నట్టే.

వాళ్ల ఆచారం ప్రకారం శవానికి విభూతి పెట్టి, పూలు వేసి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. శరణబసవ కుష్టగినుంచి వచ్చేశాడు. చిన్నప్పుడు చీకటిగదిలో ఈ కాకా ఒళ్లోనే నిద్రపోయేవాడు అతను. దూరంగా నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆఖరి ఫోటో ఒకటి తీస్తానని కెమెరా ఎత్తితే శంక్రవ్వ అడ్డం వచ్చింది. "బతికుండగా దిగనివాణ్ణి ఇప్పుడు తీయొద్దు నాయనా" అంది. అతను కెమెరా దించేశాడు.

పోయినవాళ్లకి వీధి మొగలో ఫ్లెక్సీ కట్టడం ఊళ్లో ఆనవాయితీ. నలుగురైదుగురి ఫోటోల మధ్య పోయినవారి మొహం పెద్దగా ఉంటుంది. శరణబసవ ఆధార్ కార్డు మీదున్న బొమ్మను పెద్దది చేసి చూశాడు. తల దించుకుని ఉన్న మసి మరక తేలింది. "వీడు మా సిద్దడు కాదు" అంది శంక్రవ్వ. స్టూడియోకి వెళ్లి కంప్యూటరు ముందు, కాకా కుర్చీలో కూర్చుని, గవిసిద్దప్ప అని కొట్టి వెతికాడు. తెర నిండింది. కిందికి జరిపితే మళ్లీ నిండింది. మఠం స్వామి పేరు పెట్టుకున్న పిల్లలే ఊరంతా. పాల పళ్లు ఊడినవాళ్లు, నూనె రాసి పాపిడి తీసినవాళ్లు, మెల్లకన్నువాళ్లు, బిక్కమొహంవాళ్లు, అన్ని తరగతుల, అన్ని బడుల గవిసిద్దప్పలు, ఒక్కొక్కరి పేరూ అంకె తప్పకుండా, సున్నా తప్పకుండా పెట్టి ఉంది. శరణబసవ కళ్లు తుడుచుకుంటూ ఆఖరి పిల్లాడిదాకా చూశాడు. కాకా అందులో లేడు.

ఫ్లెక్సీ మీద మొహం ఉండాల్సిన గుండ్రటి చోట్లో దీపం బొమ్మ వేయించాడు. కింద పేరు పెద్ద అక్షరాల్లో వేయించాడు. పలకరింపుకి వచ్చిన అందానప్ప దాని కింద నిలబడి, "ఫోటో అంటేనే పారిపోయేవాడు పాపం, ఎట్లా ఉంటుందిలే" అన్నాడు. హులిగెమ్మ పక్క పల్లెనుంచి బడికి వచ్చిపోయే పిల్ల, కబురు ఆమెదాకా చేరలేదు. ఆమెను అడగాలని ఎవరికీ తట్టలేదు, తట్టడానికి కారణమూ లేదు. శంక్రవ్వ వచ్చినవాళ్లందరికీ ఒకే మాట చెబుతోంది. "ఏదో తెస్తానన్నాడమ్మా. చీర కాదన్నాడు. నవ్వుతా పడుకున్నాడు. ఏం తేవాలనుకున్నాడో."

కొన్నాళ్లకి హాల్‌టికెట్లు వచ్చాయి. ఏ పేరు మీద ఆ మొహమే ఉంది. శరణబసవ పేర్లు మార్చే పని తనే చేసుకుంటున్నాడు, చేతులు ఏరుకుంటున్నాడు, మొదటి బిడ్డనీ నడిమి బిడ్డనీ ఆఖరి బిడ్డనీ తెరిచి చూస్తున్నాడు. తెర మూలన పేరు లేని సంచొకటి ఉంది. అలాంటి ఖాళీ సంచులు ఆ కంప్యూటరులో చాలా ఉంటాయి కాబట్టి దాన్ని తెరవలేదు. అందులో నీలం తెర ముందు ఒక ముసలివాడు ఒక కన్ను మూసుకుని, తెల్లటి వేళ్లతో ఏ బొత్తాం నొక్కాలో ఎవరికో చూపిస్తూ నవ్వబోతున్నాడు. కింద కెమెరా వేసిన నంబరు ఉంది.